మొహమాటంతో సైకిల్ మీద మూడొందల కిలోమీటర్లు పోలేం

"ఈ ఏడాది అందరం కలిసి ఏదో ఒకటి గట్టిగా చేద్దాంరా" అన్న మాట బెజవాడలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినపడుతుంది. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపు పుడుతుంది. గ్రూపుకో పేరు, పేరు పక్కన రెండు మంట బొమ్మలు. జాబితా ఎప్పుడూ ఇంచుమించు ఒకటే: జనవరిలో హాఫ్ మారథాన్, ఫిబ్రవరిలో కొండవీడు కోట, మార్చిలో కృష్ణలో ఈత, ఎండలు తగ్గాక అరకు దాకా సైకిళ్లు. మొదటి నెల ఆరుగురు వస్తారు, రెండో నెల నలుగురు. మూడో నెలకి ఖరీదైన బూట్లు కొన్నవాడొక్కడే మిగులుతాడు, అదీ డబ్బులు పోశానే అన్న బాధతో.

ఈ గ్రూపులు చెడిపోవడానికి నాకు కనపడే కారణాలు రెండు. ఒకటి, ఆ జాబితా. రెండోది మన మొహమాటం. మొదటిదాన్ని సరిదిద్దడం తేలిక. రెండోది అంత సులువుగా వదలదు.

జాబితా సంగతి చూద్దాం. 21 కిలోమీటర్ల పరుగుకి అలవాటుపడ్డ కాళ్లు ఈతలో పెద్దగా పనికిరావు. ఈత కోసం సాధన చేసిన భుజాలు సైకిల్ సీటు మీద ఎనిమిది గంటలు కూర్చోవడం నేర్పవు. నెలకో కొత్త సాహసం అంటే నెలనెలా అందరూ మళ్లీ ఒకటో తరగతిలో చేరడమే. పైగా కృష్ణలో ఈతని సరదా జాబితాలో రాయడమే తప్పు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన నీళ్లు నిశ్చలంగా కనపడతాయి గానీ లోతు, అడుగున బురద, నాచు పైకి తెలియవు. 70 గేట్లలో ఏవి ఎప్పుడు ఎత్తుతారో దాన్నిబట్టి దిగువన వాలు మారిపోతుంది. పక్కన పడవ, పడవలో ఈతగాడు, అధికారుల అనుమతి, ఈ మూడూ లేకుండా అది సాహసం అనిపించుకోదు. నలుగురు స్నేహితులున్నారన్న ధైర్యం నీళ్లలో అక్కరకు రాదు.

అందుకని రకరకాల సాహసాలు వదిలి, ఒకే సాహసానికి నాలుగు మెట్లు కట్టుకోమంటాను. అలాంటి మెట్లు తయారుగా ఉన్నాయి కూడా: సైకిల్ బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన పొడుగు సవారీలు. 1904లో మొదలైన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ వాళ్ల నియమాలతో దేశదేశాల్లో జరుగుతాయి. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండనియర్స్ కింద స్థానిక క్లబ్బులు నడుపుతాయి. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. నవంబరు 1 నుంచి అక్టోబరు 31 దాకా ఒక సీజను. నాలుగూ ఒకే సీజన్లో పూర్తిచేసినవాళ్లని సూపర్ రాండనియర్ అంటారు. ఇందులో పోటీ లేదు. మొదట వచ్చినవాడికి, ఆఖరి నిమిషంలో వచ్చినవాడికి దక్కేది ఒకటే. చేతిలో ఒక కార్డు ఉంటుంది, దారిలో చెప్పిన చోట్ల (వాటినే కంట్రోల్ పాయింట్లంటారు) చెప్పిన వేళలోపు దాని మీద ముద్రో సంతకమో పడాలి. వెనకాల మన కారు రాకూడదు, సాయం కంట్రోల్ పాయింట్ల దగ్గరే. బావమరిది కారులో మజ్జిగ పట్టుకొచ్చి దారి మధ్యలో ఇస్తే ఆ మజ్జిగ ఖరీదు మీ కార్డు.

స్నేహితుల గుంపుకి ఇది బాగా నప్పుతుందనడానికి కారణం ఆ గడువులే. వేగంగా తొక్కేవాడికి బహుమతి లేదు, నిదానంగా తొక్కేవాడికి చోటుంది. గడువు లెక్క సుమారుగా గంటకి 15 కిలోమీటర్లు. ఉదయం 6కి బయలుదేరితే 100వ కిలోమీటరు దగ్గరి పాయింటు మధ్యాహ్నం 12:40కి మూసేస్తారు. అంతకన్నా విచిత్రం, అది 8:56 దాకా తెరవరు కూడా! గంటకి 34 కిలోమీటర్లకి మించి పరిగెత్తుకొచ్చినవాడు అక్కడ గోళ్లు గిల్లుకుంటూ నిలబడాల్సిందే.

ఇప్పుడు మొహమాటం దగ్గరికి వద్దాం.

200 కిలోమీటర్లని గంటకి 20 చొప్పున తొక్కితే చక్రం తిరిగే సమయం పది గంటలు. ఇంకా మూడున్నర గంటలు చేతిలో ఉంటాయి, బోలెడు అనిపిస్తుంది. నలుగురు వెళ్లారనుకోండి. గంటకోసారి ఒక్కొక్కరికి ఏదో ఒక అవసరం పడుతుంది: ఒకరికి నీళ్లు, ఒకరికి ఫోను, ఒకరికి బూటు లేసు, ఇంకొకరికి పొదల చాటుకి. ఒక్కోదానికి 5 నిమిషాలే. పది గంటల్లో నలుగురికి కలిపి నలభై ఆగుళ్లు, అంటే 200 నిమిషాలు. మూడు గంటల ఇరవై నిమిషాలు పోయాయి. భోజనం, పంక్చరు, రైలు గేటు, ఎదురుగాలి, అన్నిటికీ కలిపి మిగిలింది 10 నిమిషాలు. ఎవరూ బద్ధకించలేదు, ఎవరి కాళ్లూ మొరాయించలేదు. అయినా గడువు దాటిపోయింది.

దీనికి ఒక్కటే మందు, ముందే రాసుకున్న ఆగుళ్లు. 40, 80, 120, 160 కిలోమీటర్ల దగ్గర 12 నిమిషాల చొప్పున, మధ్యలో ఒక అరగంట భోజనం. మొత్తం 78 నిమిషాలు. అన్ని పనులూ అక్కడే. ఫోన్లో అలారం పెట్టండి, మోగగానే పెడల్ మీద కాలు పడాలి. "పదరా" అని ఒకరు అనాల్సిన పని ఉండకూడదు, ఎందుకంటే మనలో ఆ మాట అనేవాడు చెడ్డవాడైపోతాడు. టీ ఊదుకుంటూ తాగుతున్న బావగారిని పదమనడం ఎవరికి చేతనవుతుంది? అలారానికైతే చుట్టరికాలు ఉండవు.

అలాగే ఆగాలన్న మాట కూడా నోట్లోంచి రాదు. "ఏరా, కాసేపు ఆగుదామా?" అని అడిగితే వచ్చే జవాబు "పర్లేదు మామా, పోదాం." ఆ 'పర్లేదు' వెనక కండరం పట్టేసిన పిక్క ఉండొచ్చు, రెండు గంటలుగా ఖాళీగా ఉన్న సీసా ఉండొచ్చు. బాగున్నావా అని అడగడం వృథా, మన దగ్గర దానికి ఒకటే జవాబు. లెక్క అడగాలి. సీసాలో ఎంత ఉంది? ఆఖరిసారి ఏం తిన్నావు, ఎన్నింటికి? ఒంటేలుకి వెళ్లి ఎంతసేపైంది, ఏ రంగు? అంకెలు అడిగితే మొహమాటపడటానికి సందు దొరకదు.

ఆడవాళ్లున్న గుంపుల్లో ఇది ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. హైవే మీద మరుగుదొడ్డి ఎక్కడుంటుందో తెలియక చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, వికారం, "నాకు సైకిలు పడదులే" అన్న నిర్ణయం. పడనిది సైకిలు కాదు. ఆగే చోట్లన్నీ పెట్రోలు బంకులుగానే రాసుకోండి, వారం ముందు ఒకరు బండి మీద వెళ్లి ఏ బంకులో దొడ్డి శుభ్రంగా ఉందో, తాళం ఎవరి దగ్గరుంటుందో చూసి రావాలి. ఆ పని మగవాళ్లకి అప్పజెప్పండి. పోయి రావడానికి ఒక పూట పట్టని పని, ఆ బృందంలో సగం మందిని నిలబెడుతుంది.

మన ప్రాంతం చదును, కొండల్లేవు కాబట్టి సులువు అనుకునేవాళ్లకి ఒక మాట. డెల్టాలో కొండ లేని మాట నిజమే, గాలే ఇక్కడ కొండ. కొండ ఎక్కితే దిగేటప్పుడైనా కాళ్లకి సెలవు దొరుకుతుంది. ఎదురుగాలికి దిగుడు ఉండదు. శీతాకాలంలో ఈశాన్యపు గాలి. విజయవాడ నుంచి ఏలూరు మీదుగా తాడేపల్లిగూడెం దరిదాపుల దాకా పోయి రావడం సుమారు 200 కిలోమీటర్లు. పోయేటప్పుడు గాలి మొహం మీద, వచ్చేటప్పుడు వీపు మీద. మొదటి బ్రెవేకి ఇది మంచి దిక్కు. ఒంగోలు పోయి రావడం దాదాపు 300. ఇక్కడ గాలి తిరగబడుతుంది. చిలకలూరిపేట దాటేదాకా చక్రాలు వాటంతటవే దొర్లుతున్నట్టుంటాయి, "మనం బాగా తయారయ్యాంరా" అని సంబరపడతారు. అసలు పరీక్ష ఒంగోలులో టీ తాగి సైకిల్ ఉత్తరానికి తిప్పినప్పుడు మొదలవుతుంది.

గంటకి 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో మీరు 20తో వెళ్తుంటే ఒంటికి తగిలే గాలి 35తో వస్తున్నట్టు. గాలి తాకిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. కాబట్టి ఒకరి వెనక ఒకరు, చక్రానికీ చక్రానికీ ఒక మీటరు లోపు ఎడంతో వెళ్తే వెనకున్నవాడికి శ్రమ నాలుగో వంతు దాకా తగ్గుతుంది. ముందున్నవాడు ఐదు నిమిషాలకోసారి కుడివైపు అద్దం చూసుకుని, చెయ్యి చూపి, తప్పుకుని వెనక్కి రావాలి. గుంపుల్లో గొడవ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. బలవంతుడు ముందుకి రాగానే వేగం 20 నుంచి 24కి లేస్తుంది. ఆఖరివాడు వరస నుంచి తెగిపోతాడు, ఒక్కసారి తెగితే ఆ గాలంతా వాడి ఒక్కడికే. బలవంతుడు రెండు కిలోమీటర్ల అవతల ఆగి, చెట్టు కింద కాళ్లు చాపుకుని వీడి కోసం ఎదురుచూస్తాడు. వీడు ఆయాసపడుతూ చేరగానే "వచ్చావా, పద" అంటాడు. విశ్రాంతి అవసరమైనవాడికి కాకుండా అవసరం లేనివాడికి దొరికింది.

బలమున్నవాడు దాన్ని వేగంగా ఖర్చు పెట్టకూడదు, సమయంగా ఖర్చు పెట్టాలి. అందరూ ఐదు నిమిషాలు ముందుంటే వాడు పదిహేను నిమిషాలు ఉండాలి, అదే 20తో. నీరసించినవాడు రెండు నిమిషాలకే తప్పుకోవచ్చు, అసలు ముందుకి రాకుండా మూడో స్థానంలోనే ఉండిపోవచ్చు. వేగం ఎంతో చెప్పాల్సింది ఆఖర్న ఉన్నవాడు. శబరిమల దారిలో చూడండి, కన్నెస్వామి ఎలా నడుస్తున్నాడో చూసుకుంటూ గురుస్వామి బృందాన్ని నడిపిస్తాడు, పద్దెనిమిదేళ్లు వెళ్లొచ్చినవాడు ముందే పోయి పంబలో కూర్చోడు.

దీనికి వచ్చే ఎదురువాదన నాకు తెలుసు. ఎవరి వేగం వాళ్లది, కంట్రోల్ పాయింట్ల దగ్గర కలుద్దాం, నిదానస్తుడి వల్ల అందరి గడువూ ఎందుకు పోవాలి అని. బ్రెవేలో కార్డు ఎవరిది వాళ్లదే కాబట్టి నియమం ప్రకారం ఈ మాటలో తప్పు లేదు. పగటి పూట 200లో అలాగే చేసినా నష్టం తక్కువ. ఆ మాత్రం ఒప్పుకుంటాను. చీకటి పడ్డాక ఒప్పుకోను. నిదానంగా ఉండే స్నేహితుడి మీద కూడా ఒక బాకీ ఉంది: వారానికి మూడు రోజులు తొక్కకుండా, స్నేహం పేరు చెప్పి 300కి రాకూడదు. 200 గడువులో పూర్తిచేయనివాడు 300కి రాకూడదని ముందే రాసుకుంటే ఆ సంగతి మొహం మీద చెప్పాల్సిన ఇబ్బంది తప్పుతుంది.

సాధనకి పన్నెండు వారాలు చాలు. వారం మధ్యలో ఏవైనా రెండు రోజులు గంట చొప్పున, ఆదివారం పొడుగు సవారీ: 50తో మొదలుపెట్టి వారానికి పది పదిహేను కిలోమీటర్లు పెంచుతూ, ప్రతి నాలుగో వారం సగానికి తగ్గిస్తూ 140 దాకా. మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తే చాలావరకు సీటు కిందకి ఉన్నట్టు, మోకాలి వెనక లాగితే పైకి ఉన్నట్టు. మడమ పెడల్ మీద పెట్టి కిందకి తొక్కినప్పుడు కాలు సరిగ్గా చాపుకోవాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు కొద్దిగా వంపు మిగులుతుంది. గేరు బరువుగా పెట్టుకోవడం మగతనం కాదు. నిమిషానికి 80 చుట్లు తిరిగే తేలికపాటి గేరులో ఉంటే మోకాళ్లు పదేళ్లు ఎక్కువ పనిచేస్తాయి.

నీళ్ల దగ్గర జరిగే తప్పులకి అంతులేదు. డిసెంబరులో కూడా మన గాలిలో తడి ఎక్కువ, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మీ చెమట ఎంతో తెలుసుకోవడానికి ఇంట్లో బరువు చూసే మిషను చాలు. సాధన ముందు, గంట తొక్కాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకి సుమారు లీటరు, దానికి మీరు తాగినది కలుపుకోండి. వచ్చిన అంకెని సీసాల లెక్కలోకి మార్చి హ్యాండిల్ మీద టేపు అంటించి రాసుకోండి.

ఉత్త మంచినీళ్లే లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వాంతి, ఆ తర్వాత తికమక మాటలు. చూసేవాళ్లు ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు వాడటం మంచిదే గానీ చదివి వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఉన్న ప్యాకెట్టు 20.5 గ్రాములు: ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. అది సరిగ్గా ఒక లీటరు నీళ్లకి. సైకిల్ సీసాలు ఎక్కువగా 750 మిల్లీలీటర్లవి. మొత్తం ప్యాకెట్టు దాంట్లో గుమ్మరిస్తే చిక్కబడి కడుపులో తిప్పుతుంది. ముప్పావు ప్యాకెట్టు చాలు. ప్యాకెట్టు దొరకనిచోట లీటరుకి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాతో సమంగా గీసి. కొబ్బరి బోండాంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, దాన్ని నమ్ముకుని ఉప్పు మానేయకండి. ఉప్పేసిన నిమ్మసోడా, ఉప్పేసిన పల్చటి మజ్జిగ మన రోడ్ల మీద ప్రతి ఊళ్లో దొరుకుతాయి, ఖరీదైన పొడుల కన్నా నాకు వాటి మీదే గురి. బీపీ, కిడ్నీ మందులు వాడేవాళ్లు మాత్రం ఈ ఉప్పు లెక్క డాక్టరుతో మాట్లాడుకున్నాకే.

తిండి గంటకి 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. ఒక మోస్తరు అరటిపండు 25 గ్రాములు. రెండు పళ్లు గంటకి సరిపోతాయి, కానీ పదో గంటకి అరటిపండు మొహం చూడబుద్ధి కాదు. ఇడ్లీ, పెరుగన్నం, పల్లీ చిక్కీ, ఖర్జూరం మారుస్తూ ఉండండి. ఆకలేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. గుంటూరు మీదుగా పోతూ మిరపకాయ బజ్జీ మీద మనసు పడటం సహజం. నూనె, కారం కలిసి కడుపులో కదలకుండా కూర్చుని చిలకలూరిపేట దాకా మీతోనే వస్తాయి. తిరిగొచ్చాక తినండి. అన్నట్టు ఫిబ్రవరి తర్వాత మిర్చి యార్డు వైపు దారి పెట్టుకోకండి. మిరప టిక్కీల (బస్తాల) లారీల వెనక లోతుగా ఊపిరి తీసుకుంటే ఆ రోజు ప్రయాణం తుమ్ములతో ముగుస్తుంది.

ఇక పంక్చరు. హైవే పక్క అంచు మీద పేలిపోయిన లారీ టైర్ల ముక్కలుంటాయి, వాటిలోంచి రాలిన సన్నటి ఉక్కు తీగలు వెంట్రుక మందం ఉంటాయి. కాలవ కట్టల మీద సర్కారు తుమ్మ ముళ్లు. కొత్తవాళ్లు చేసే పని చిల్లుపడ్డ ట్యూబు తీసేసి కొత్తది ఎక్కించడం. రెండు కిలోమీటర్లలో అదీ పోతుంది, ఎందుకంటే తీగ టైరులోనే ఉంది.

వెనక చక్రమైతే ముందు చైనుని అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదకి దించి అప్పుడు చక్రం ఊడదీయండి. ఇంట్లో టైరు ఎక్కించేటప్పుడే టైరు మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు ఎదురుగా వచ్చేట్టు పెట్టుకుని ఉంటే ఇప్పుడు పని సగమవుతుంది. ట్యూబు బయటికి తీసి గాలి నింపి, చెంప దగ్గర పెట్టుకుని తిప్పండి. చెవికి వినపడనిది చెంపకి తెలుస్తుంది. చిల్లు ట్యూబు బయటివైపుంటే ముల్లో తీగో. లోపలివైపు, రిమ్ము వైపుంటే రిమ్ము టేపు జరిగింది. పక్కపక్కన రెండు చిల్లులుంటే గాలి తక్కువై వంతెన అతుకు దగ్గర ట్యూబు రిమ్ముకి నలిగింది. వాల్వు నుంచి చిల్లు ఎంత దూరమో టైరు మీద అంతే దూరం కొలిస్తే తీగ అక్కడే. లోపలి నుంచి వేలితో తడమకండి, వేలు తెగుతుంది. చిన్న దూది ఉండతో తుడవండి, తీగ ఉన్నచోట దూది పీచు పట్టుకుంటుంది. గోళ్ల కత్తెరతో లాగేయొచ్చు. కొత్త ట్యూబులో ముందు రెండు పంపుల గాలి కొట్టి ఎక్కిస్తే మెలిపడదు. టైరు అంచు నొక్కడం వాల్వు దగ్గర ముగించండి. ట్యూబు ఎక్కడా అంచు కింద చిక్కలేదని రెండు పక్కలా చూశాకే పూర్తి గాలి. 28 మిల్లీమీటర్ల టైరు, 70 కిలోల మనిషి అయితే 75 పీఎస్ఐ దరిదాపుల్లో.

చేయి తిరిగినవాడికి ఇది 12 నిమిషాల పని. నలుగురూ ఒకే చక్రం మీద వంగి తలా ఒక సలహా ఇస్తే 35. ఒకరు విప్పాలి, ఒకరు పంపు కొట్టాలి, ఒకరు అందరి సీసాలూ నింపుకొచ్చి రాసుకున్న ఆగుడు పనులు ముగించాలి, నాలుగోవాడు వచ్చే బండ్లకేసి మొహం పెట్టి నిలబడాలి, రాత్రయితే చేతిలో టార్చితో. సన్న వాల్వు ఉన్న సైకిళ్లకి పల్లెటూరి పంక్చర్ షాపు గాలి గొట్టం పట్టదు. పది పదిహేను గ్రాములు కూడా తూగని ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వుకే బిగించుకుని వెళ్లండి. మనిషికి రెండు ట్యూబులు, గుంపుకి ఒక ప్యాచీల డబ్బా, చైను విప్పే పనిముట్టు, మీ చైనుకి సరిపడే లింకు, ఒక బ్రేకు కేబులు, బిగించి కట్టే పది ప్లాస్టిక్ జిప్ టైలు.

300లో కొత్తగా వచ్చేది రాత్రి. డిసెంబరులో బెజవాడలో సాయంత్రం ఐదున్నర దాటాక కాసేపటికే పొద్దు గుంకుతుంది. ఉదయం 6కి బయలుదేరి 20 గంటలు వాడుకుంటే ఎనిమిది గంటలు చీకట్లోనే. ముందు లైటు 400 ల్యూమెన్లు అని డబ్బా మీద రాసి ఉన్నా, ఆ వెలుగులో రెండు మూడు గంటలకే చార్జింగు అయిపోతుంది. సగం వెలుగులో ఎన్ని గంటలు వస్తుందో ఇంట్లో వెలిగించి గడియారం పెట్టి చూసుకోండి. వెనక లైట్లు రెండు, నిలకడగా వెలిగేవి. మిణుకుమిణుకుమనేది పెడితే వెనకొచ్చే స్నేహితుడికి అరగంటలో కళ్లు తిరుగుతాయి.

ఖరీఫ్ కోతల రోజుల్లో రాత్రి ప్రమాదం కార్ల వల్ల వస్తుందనుకుంటాం. వెనక లైటు లేని వడ్ల ట్రాక్టరు, సర్వీసు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, ఆ ధాన్యం చుట్టూ పెట్టి, ఎత్తేశాక మర్చిపోయిన రాళ్లు, అంచు వెంబడి ఎదురొచ్చే రాంగ్ రూటు బైకులు: భయపడాల్సింది వీటికి. ముందున్నవాడు "గుంట", "రాయి", "బండి" అని అరవాలి, వెనకవాళ్లు ఒక్కొక్కరూ అదే మాట అందుకోవాలి. తెల్లవారుజామున కృష్ణ మీద, పొలాల మీద మంచు దిగితే లైటు కాంతి తెరలా మొహానికే కొడుతుంది. వేగం సగానికి తగ్గించి, ఎడం రెండింతలు చేయండి. గాలి చాటు ఆశ అక్కడ వదులుకోవాల్సిందే.

400 పరీక్ష నిద్రతో. తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా ఎంతటివాడికైనా రెప్పలు వాలతాయి. తొక్కుతూనే రెండు సెకన్లు నిద్రపోతారు, వాళ్లకి తెలియదు, వెనకున్నవాడికి తెలుస్తుంది: చక్రం గీత మీద నుంచి అటూ ఇటూ ఊగుతుంది, మాటకి జవాబు ఆలస్యంగా వస్తుంది. అడిగితే "అబ్బే, లేదు, బానే ఉన్నా" అంటాడు. ఈ ఒక్కచోట మాత్రం వాడి మాట వినకూడదు. వెనకున్నవాడు "ఆపు" అంటే అందరూ ఆగాలి, చర్చ లేదు. ధాబా నులక మంచం మీదో, బంకు అరుగు మీదో ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని పడుకోవాలి. దోమల క్రీము, తలకి కప్పుకునే తువ్వాలు చాలు. 27 గంటల్లో తొక్కుడు ఇరవై గంటలైతే ఏడు గంటలున్నాయి. పడుకోవడానికి సమయం లేదనడం అబద్ధం. టీకొట్ల దగ్గర పోగొట్టుకుంటేనే ఉండదు.

600 గురించి ఎక్కువ చెప్పను. కొత్తగా వచ్చే సమస్యలు సీటు పుండు, మొద్దుబారిన చిటికెన వేళ్లు. మెత్త ఉన్న నిక్కరు కింద ఇంకో లోదుస్తు వేసుకోకపోవడం, మొదటి మంటకే ఆగి కడిగి ఆరబెట్టి వేజలిన్ రాయడం, పావుగంటకోసారి చేతి పట్టు మార్చడం. మూడు నాలుగు గంటల అసలైన నిద్ర. ముందు మూడింటిలో మొహమాటం వదిలించుకున్న గుంపుకి నాలుగోది లెక్కల పని. వదిలించుకోని గుంపు అక్కడిదాకా రాదు. నాలుగేళ్లకోసారి జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి ఆ ఏడాది ఈ నాలుగు మెట్లే అర్హత. గడువు 90 గంటలు. ఆ కల కనేవాళ్లు కనండి, ముందు ఒంగోలు నుంచి ఎదురుగాలిలో ఇంటికి చేరండి.

మానేయడం ఎలాగో బయలుదేరకముందే తేల్చుకోవాలి. మొదటి రెండు బ్రెవేలకి రైలు పట్టాల పక్కనే సాగే దారులు మంచివి: ఇటు ఏలూరు, తాడేపల్లిగూడెం, అటు బాపట్ల, చీరాల, ఒంగోలు. ఏ స్టేషనుకి ఎంత దూరం, రాత్రి ఆఖరి బండి ఎన్నింటికి, పార్సిల్ ఆఫీసు ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది, ఇవి కార్డు వెనక రాసి పెట్టుకోండి. ఒకరు మానేస్తే వాళ్లతో ఇంకొకరు ఆగాలి, మిగతా ఇద్దరూ ముందుకి పోవాలి. నలుగురు మంచి సంఖ్య అనేది ఇందుకే. ఎవరు ఆగాలో కూడా ముందే జతలు కట్టుకోండి. లేకపోతే ముగ్గురూ త్యాగానికి సిద్ధమై, "నేనుంటా", "లేదు నేనుంటా" అంటూ పావుగంట రోడ్డు పక్కన ఒకరినొకరు బతిమాలుకుంటారు. పాపం ఒళ్లు బాగాలేనివాడు అదంతా వింటూ కూర్చోవాలి. మాటలు తడబడుతూ ఒళ్లు కాలిపోతుంటే మాత్రం జతలు, కార్డులు అన్నీ పక్కన పెట్టి 108కి ఫోను, నీడ, ఒంటి నిండా నీళ్లు, విసురుతూ ఉండటం. చల్లబరచడం ముందు, తరలించడం తర్వాత.

కాలెండరు తేలికే. తుపానుల వార్తలు చూసుకుంటూ నవంబరు చివర 200, డిసెంబరులో 300, జనవరిలో 400, ఫిబ్రవరి మొదట్లో 600. స్థానిక క్లబ్బు తేదీలు ఇలా కుదరకపోతే పక్క ఊరి క్లబ్బువి చూడండి. మార్చి తర్వాత పొడుగు సవారీల జోలికి పోవద్దు, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అతిశయోక్తి కాదు.

అన్నిటికన్నా ముందు ఈ రాత్రి గ్రూపులో ఒక్క ప్రశ్న వేయండి: ఎవరి చక్రం సైజు ఎంత, వాల్వు ఏది? ఇద్దరు 700 సి అంటారు, ఒకడు 26 అంగుళాలంటాడు. వాడి ట్యూబు ఇంకెవరికీ పనికిరాదు కాబట్టి వాడు మూడు తెచ్చుకోవాలి. నాలుగోవాడు "రేపు చూసి చెప్తా మామా" అంటాడు. వాడి జవాబు కోసం ఎదురుచూడకుండా రేపు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, టైరు పక్కన అచ్చు పడి ఉన్న అంకె మీరే చదువుకోండి.